చలికాలం బడి: తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

దీపావళి దాటితే చాలు, బడి గేటు దగ్గరా తరగతి వాట్సాప్ గ్రూపులోనూ అవే సందేహాలు మొదలవుతాయి. స్వెటర్ రంగు దగ్గర్నుంచి పదో తరగతి ప్రిఫైనల్ దాకా. హైదరాబాద్‌లో ఒక సర్కారు హైస్కూల్లో క్లాస్ టీచరుగా నేను చెబుతూ వచ్చిన జవాబులను ఒకచోట పెట్టాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పిల్లలు ఒకరికొకరు బాగా దగ్గరయ్యే కాలం. ఎండ మాడ్చదు, వాన తరమదు, గ్రౌండులో ఎంతసేపైనా ఉండొచ్చు. చలికి భయపడో, పరీక్షలకు భయపడో ఈ నాలుగు నెలలు పిల్లల్ని ఇంటికి కట్టేయొద్దని నా కోరిక. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్లండి. ప్రైవేటు బడుల్లో కొన్ని నియమాలు వేరుగా ఉంటాయి, అక్కడ అడిగి తెలుసుకోండి.

## నవంబరు: చలి మొదలయ్యాక

పొద్దున ఎంత లేపినా లేస్తలేడు. చలికి బడి టైం కొంచెం జరపరా?

బడి వేళలు విద్యాశాఖ నిర్ణయిస్తుంది. మా అంతట మేం మార్చలేం. పిల్లవాడు లేవకపోవడానికి మాత్రం బద్ధకం ఒక్కటే కారణం కాదు. జూన్ మొదట్లో మన ఊళ్లో 5:40 కల్లా సూర్యుడు వచ్చేస్తాడు. జనవరి నడిమికి వచ్చేసరికి 6:50 దాకా రాడు. ఒళ్లు మేలుకునేది వెలుతురుతో కాబట్టి, గంటకు పైగా తేడా వచ్చినప్పుడు పెద్దవాళ్లకే కష్టం. దానికి తోడు పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక రాత్రి నిద్ర ఆలస్యంగా పట్టడం ఆ వయసు లక్షణం.

రాత్రి పడుకునే వేళను ముందుకు జరపడం ఒక్కటే నాకు తెలిసిన మందు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి, ఆపై వయసు వాళ్లకు కనీసం ఎనిమిది. ఫోను రాత్రిపూట వేరే గదిలో ఉంచండి. స్నానం సాయంత్రమే చేయించినా తప్పేం లేదు. లేపగానే లైటు వేసి, కిటికీ తీయండి. అరవడం కంటే అది బాగా పనిచేస్తుంది. ప్రార్థనను మేం చెట్ల నీడలోంచి నీరెండలోకి మార్చాం, పిల్లలు దాని కోసమైనా టైముకు వస్తున్నారు.

యూనిఫాం మీద వేరే రంగు స్వెటర్ వేసుకొస్తే ఏమన్నా అంటరా?

మా బడిలో అనం. ఏ రంగైనా, ఎంత పాతదైనా పర్వాలేదు. మంకీ క్యాపు కూడా పెట్టుకోవచ్చు, తరగతిలో చెవులు కనబడేలా తీస్తే చాలు.

పొద్దున 13, 14 డిగ్రీలున్న చోటే మధ్యాహ్నానికి 28 దాటుతుంది. మందపాటి జాకెట్ ఒక్కటే వేస్తే పదకొండింటికల్లా చెమట పడుతుంది, తీస్తే లోపల పలుచని చొక్కా. బనియను, చొక్కా, దాని మీద సులువుగా విప్పే స్వెటర్ ఉంటే మంచిది.

స్వెటర్ లేని పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్ల కోసం స్టాఫ్ రూం పక్కన ఒక పెట్టె పెట్టాం. మీ పిల్లలకు పొట్టయినవి ఉతికి అందులో వేయండి. కాలర్ లోపల పేరు కుట్టి ఉంటే ఆ దారం విప్పి పంపండి. పేరు కనబడిందంటే 'ఇది ఫలానా అక్క స్వెటర్' అని రెండో రోజుకే పసిగట్టేస్తారు, ఆ తర్వాత చలి వణికిస్తున్నా ఆ పిల్ల దాన్ని వేసుకోదు. అందరూ గ్రౌండుకు వెళ్లినప్పుడు కావలసినవాళ్లు వచ్చి తీసుకుంటారు. ఎవరు తీసుకున్నారో మేం రాసుకోం.

జలుబు, దగ్గు ఉంటే పంపాల్నా, ఆపాల్నా?

ముక్కు కారడం, కొద్దిపాటి దగ్గు ఉండి, పిల్లవాడు మామూలుగా తింటూ ఆడుతుంటే పంపండి. రుమాలు ఇవ్వండి, మోచేతి మడతలోకి దగ్గడం నేర్పండి. జ్వరం ఉంటే ఆపండి. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాక పంపండి. పొద్దున పారాసిటమాల్ వేసి పంపితే మధ్యాహ్నం ప్రభావం తగ్గి తరగతిలోనే వణుకుతూ కూర్చుంటారు, పక్కవాళ్లకూ అంటుకుంటుంది. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా ఇంట్లోనే ఉంచాలి. ఇది చలికాలం చివర్లో ఎక్కువ.

ఉబ్బసం ఉన్న పిల్లల తల్లిదండ్రులు క్లాస్ టీచరుకు ముందే చెప్పండి, ఇన్‌హేలర్ సంచిలో పెట్టండి. చలిపొద్దున పొగ పైకి లేవక నేలకు దగ్గరగానే ఆగిపోతుంది. గల్లీలో చెత్త తగలబెడితే ముందు ఇబ్బంది పడేది వీళ్లే. పిల్లవాడు ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మామూలు దగ్గుకు బస్తీ దవాఖానా చాలు. కిందటిసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రం మీ అంతట మీరు వేయొద్దు.

జామపండు, పెరుగు తింటే జలుబు చేస్తదని మా అత్తమ్మ అంటది. డబ్బాలో పెట్టొద్దా?

పెట్టండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, పండు వల్ల రాదు. జామపండులో నారింజ కంటే సి విటమిన్ ఎక్కువ, ఈ కాలంలో బండి మీద చవగ్గా దొరుకుతుంది కూడా. పెరుగు ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే కాకుండా, మామూలు వేడికి వచ్చాక పెడితే అత్తమ్మగారూ ఒప్పుకుంటారు. నువ్వుల లడ్డు, పల్లీ పట్టీ, సజ్జ రొట్టె, ఉడికించిన అనపకాయలు అన్నీ బడికి మంచివే. ఎక్కువ పెడితే పంచుకుంటారు, దానికి మేం అడ్డు చెప్పం. ఎవరికైనా పల్లీలు పడకపోతే మాత్రం మాకు తప్పక చెప్పండి.

నీళ్ల బాటిల్ ఎట్ల పంపితే అట్లనే తెస్తుంది. ఏం చేయాలి?

చలికి దాహం తెలియదు, అది సగం కారణం. ఆడపిల్లల విషయంలో మిగతా సగం కూడా ఆలోచించండి. బాత్రూంకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేసే పిల్లలు చాలామంది ఉంటారు. గడియ లేదనో, నీళ్లు రావనో, పీరియడ్‌లో చెత్తబుట్ట లేదనో వాళ్లంతట వాళ్లు టీచరుకు చెప్పరు. ఇంట్లో మీరు నెమ్మదిగా అడిగి మాకు చెప్పండి, పిల్ల పేరు చెప్పక్కర్లేదు. సర్కారు బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. అందులో ఉన్న తల్లులు ఇలాంటి మాట తెస్తే పని తొందరగా అవుతుంది. గడియ విరిగిందన్న మాట ఒక తల్లి నోట వస్తే ఆ వారంలోనే బాగైన సందర్భం నేను చూశాను.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఏదో స్కాలర్‌షిప్ పరీక్ష అంటున్నరు. రాయించాలా?

తప్పకుండా. అది ఎన్‌ఎంఎంఎస్, అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. సర్కారు, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించని పిల్లల కోసం. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. ఆదాయ ధ్రువపత్రం, పిల్లల పేరు మీద ఖాతా ముందే సిద్ధం చేసుకోండి. కాగితాలు అందక ఆగిపోయే పిల్లల్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పరీక్షలో వచ్చే తర్కం ప్రశ్నలు పిల్లలు జట్లుగా చేస్తేనే బాగా వస్తాయి, అందుకే మధ్యాహ్న భోజనం తర్వాత వాళ్లను వరండాలో కూర్చోబెడతాం.

## డిసెంబరు: ఆటలు, వార్షికోత్సవం, యాత్రలు

పరీక్షలు దగ్గర పడుతుంటే ఈ డాన్సులు, ఆటలు ఎందుకు సార్?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, కాస్త వివరంగా చెబుతాను.

వార్షికోత్సవం అంటే ఆ సాయంత్రం మీరు చూసే రెండు మూడు గంటలు. పిల్లలకు పనికొచ్చేది దానికి ముందు జరిగే మూడు వారాలు. ఆరో తరగతి పిల్లలకు కోలాటం నేర్పేది తొమ్మిదో తరగతి అమ్మాయిలు. అడుగు తప్పిన పిల్లను విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి ఎలా చెప్పాలో వాళ్లు అక్కడే నేర్చుకుంటారు. ఎవరు ఏ రంగు చున్నీ తేవాలో జాబితా రాసే పిల్లవాడు, ఒక ఇంట్లో ఆ రంగు లేదని తెలిసి వేరే ఇంటి నుంచి అడిగి తెప్పిస్తాడు. తాడు లాగుడు పోటీకి జట్లు కట్టేటప్పుడు బక్కపిల్లల్ని ఎవరూ తీసుకోకపోతే గొడవ అవుతుంది, ఆ గొడవను వాళ్లే తేల్చుకుంటారు. మేం దూరంగా నిలబడి చూస్తాం, చేయి చేసుకునే దాకా వస్తేనే కల్పించుకుంటాం.

నలుగురిలో మాట్లాడటం, ఓడిపోయి మళ్లీ రావడం, తనకంటే చిన్నవాళ్ల బాధ్యత తీసుకోవడం. వీటికి పాఠ్యపుస్తకం లేదు. చలికాలంలో గ్రౌండు దొరికినప్పుడే ఇవి జరగాలి, ఏప్రిల్ ఎండలో జరగవు.

చదువు పోకుండా రిహార్సల్ చివరి రెండు పీరియడ్లలోనే పెడతాం, పదో తరగతికి ఇంకా తక్కువ. అద్దె డ్రెస్సులు మా బడిలో వద్దనుకున్నాం. యూనిఫాం, ఇంట్లో ఉన్న చున్నీ, ఒక బొట్టు చాలు. ఎవరైనా డ్రెస్సుకు డబ్బులడిగితే హెడ్మాస్టరుకు చెప్పండి.

మా పాప స్టేజీ ఎక్కనని ఏడుస్తుంది. ఎక్కించాలా, వదిలేయాలా?

ఎక్కించొద్దు, అలాగని పక్కన కూర్చోబెట్టనూ వద్దు. తెర లాగేవాళ్లు, మైకు చూసేవాళ్లు, పేర్ల వరుస పట్టుకుని 'తర్వాత మీరే' అని పిలిచేవాళ్లు, అతిథులకు నీళ్లిచ్చేవాళ్లు, గుమ్మానికి మామిడాకులు కట్టేవాళ్లు లేకుండా కార్యక్రమమే లేదు. తనకు నచ్చిన పని తనే ఎంచుకోనివ్వండి. పిల్ల ముందే చుట్టాలతో 'ఇది చాలా సిగ్గరి' అనొద్దు. ఆ మాట విని విని తాను అంతేననుకుంటుంది. నిరుడు తెర లాగిన పిల్ల ఈ ఏడాది వందన సమర్పణ చదువుతానని తనే వచ్చి అడగడం మామూలే.

సైన్స్ ఫెయిర్ మోడల్ షాపులో రెడీమేడ్ దొరుకుతుంది. కొనిస్తే సరిపోదా?

సరిపోదు. జడ్జి రెండో ప్రశ్న వేయగానే పిల్లవాడు నేల చూస్తాడు. పైసా ఖర్చు లేకుండా చేసేవి బోలెడున్నాయి. ఒకటి చెబుతాను.

డిసెంబరు 22న సరిగ్గా ఒక మీటరు కర్రను గ్రౌండులో నిటారుగా పాతి, పన్నెండింటి నుంచి పన్నెండున్నర దాకా ఐదేసి నిమిషాలకు నీడ కొలవాలి. హైదరాబాద్‌లో నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది పన్నెండింటికి కాదు, 12:15 ప్రాంతంలో. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం ఉన్నది 78.5 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క వాళ్లే కట్టుకుంటారు. అప్పుడు నీడ దాదాపు 86 సెంటీమీటర్లు వస్తుంది. అదే కర్రకు మే రెండో వారం మొదట్లో మధ్యాహ్నం నీడే పడదు. ఏడాదిలో మధ్యాహ్నపు నీడ బాగా పొడవుగా ఉండేది డిసెంబరులోని ఈ రోజుల్లోనే, 22న గణిత శాస్త్రవేత్త రామానుజన్ పుట్టినరోజు కాబట్టి గణిత దినోత్సవమూ అయిపోతుంది. ఒకరు కర్ర పట్టుకుంటే, ఒకరు టైము చూస్తే, ఒకరు సుద్దతో గుర్తు పెడతారు. ఒంటరిగా కుదరని ప్రయోగం కావడం దీనిలో నాకు బాగా నచ్చే సంగతి.

కొత్త ఆలోచన ఉన్న పిల్లల పేర్లు ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర ప్రభుత్వ పథకానికి పంపుతాం. ఎంపికైతే మోడల్ తయారీకి 10,000 రూపాయలు వస్తాయి.

బుక్ ఫెయిర్‌కు తీసుకపోతరట. ఎన్ని పైసలు ఇయ్యాలె?

హైదరాబాద్ బుక్ ఫెయిర్ మామూలుగా డిసెంబరు రెండో సగంలో, ఇందిరా పార్కు దగ్గరి ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతుంది. మా బడిలో ఎవరూ వంద రూపాయలు మించి తేవొద్దని నియమం పెట్టాం. ఏమీ తేలేని పిల్లలకు బడి నుంచి ఇస్తాం. ఐదుగురు కలిసి ఐదు వేర్వేరు పుస్తకాలు కొని నెలంతా మార్చుకుంటే ఒక్కొక్కరికీ ఐదు పుస్తకాలు చదివినట్టు. ఏ పుస్తకం కొనాలో దూరం నుంచి ఫోనులో చెప్పొద్దు. గైడు కొనమంటే పిల్లలు గైడే కొని, బొమ్మల కథల వైపు చూస్తూ బయటికి వస్తారు. కుదరనివాళ్లకు ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు ఏడాదంతా ఉంది.

విహారయాత్రకు డబ్బులు కట్టలేం. మావాడు ఒక్కడే ఇంట్ల ఉండాల్నా?

ఒక్కరు మిగిలిపోయినా ఆ యాత్ర మాకొద్దు. అందుకే దూరపు రిసార్టులు కాకుండా ఊళ్లోవే ఎంచుకుంటాం. గోల్కొండ, చార్మినార్ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ కార్డు ఉంచితే చాలు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూ పార్కుకు సోమవారం సెలవు. ఇంకా కట్టలేని పరిస్థితి ఉంటే క్లాస్ టీచరుకు ఒక్క మాట చెప్పండి, ఆ మాట మూడో మనిషికి తెలియదు.

ఈ కాలానికి నేను అన్నిటికంటే ముందు చెప్పేది అమీన్‌పూర్ చెరువు. 2016లో దాన్ని జీవ వైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగరం పక్కన ఉండే చెరువుకు అలాంటి గుర్తింపు అరుదు. చలికాలంలో దూరదేశాల పక్షులు దిగుతాయి. పిల్లలకు రూల్ చేసిన కాగితం ఒకటిచ్చి, ముక్కు ఆకారం, కాళ్ల రంగు, నీళ్లలో తల ముంచుతుందా లేదా, ఇవి మాత్రమే రాయమంటాం. పేర్లు తర్వాత. వంద మాటలు చెప్పినా కూర్చోని పిల్లలు అక్కడ అరగంట గుసగుస కూడా లేకుండా కూర్చుంటారు. డిసెంబరులో 5:45 కల్లా సూర్యుడు మునిగిపోతాడు కాబట్టి నాలుగింటికే బయల్దేరతాం.

మా బాబు అయ్యప్ప మాల వేసుకుంటడు. యూనిఫాం, చెప్పుల సంగతేంది?

మాల వేసుకునే ముందు రోజే క్లాస్ టీచరుకు చెప్పండి. మా బడిలో నల్ల దుస్తులకు, చెప్పులు లేకుండా రావడానికి అభ్యంతరం లేదు. వేరే బడిలో నియమం వేరుగా ఉంటే గేటు దగ్గర పిల్లవాడిని నిలబెట్టి వాదించకండి, ముందే మాట్లాడుకోండి. అందరి ముందు జరిగే గొడవ ఆ పిల్లవాడిని ఎక్కువ బాధపెడుతుంది.

నలభై ఒక్క రోజుల దీక్షలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం ఉంటాయి. ఎదిగే పిల్లలకు మధ్యాహ్నం కడుపునిండా పెట్టండి. జలుబు చేసి ఉంటే గురుస్వామిని అడిగి గోరువెచ్చని నీళ్లు పోయండి. మాల ఉన్నన్నాళ్లూ తోటిపిల్లలు 'స్వామీ' అనే పిలుస్తారు. రోజూ పోట్లాడుకునే వాళ్లు కూడా. మా తరగతిలో ముస్లిం, క్రైస్తవ పిల్లలు కూడా అలాగే పిలుస్తారు. క్రిస్మస్‌కు కేకు, స్టారు కట్టడం అందరి పని. ఇవేవీ మేం చెప్పి చేయించినవి కావు.

## జనవరి: సంక్రాంతి చుట్టూ

సెలవుల్లో హోంవర్క్ ఇస్తరా?

కింది తరగతులకు రాతపని ఇవ్వం. ఊళ్లో పెద్దవాళ్లలో ఒకరిని, వాళ్ల చిన్నప్పటి బడి గురించి అడిగి ఒక పేజీ రాయమంటాం. ఊరికి వెళ్లని పిల్లలూ ఉంటారు. ఒడిశా, బీహార్ నుంచి పనికొచ్చిన కుటుంబాల పిల్లలు వాళ్ల అమ్మానాన్నలను అడిగి రాస్తారు. సెలవులయ్యాక వాటిని వరుసగా చదివిస్తే తరగతి అంతా చెవులప్పగించి వింటుంది. సకినాలు చుట్టడం వచ్చిన మగపిల్లలు ఎందరో కూడా అప్పుడే తెలుస్తుంది.

పతంగులు ఎగరేయొద్దంటే వినడు. ఎట్ల ఆపాలె?

ఆపొద్దు, దారం మార్చండి. నైలాన్ చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది. అమ్మినా కొన్నా నేరమే. బండి మీద వెళ్లేవాళ్ల గొంతులు కోస్తుంది, చెట్లకు చిక్కి నెలల తరబడి పక్షుల రెక్కలు తెంపుతుంది. నూలు దారం కొనివ్వండి. పిట్టగోడ లేని మేడ ఎక్కనివ్వొద్దు. కరెంటు తీగకు చిక్కితే వదిలేయాలి, కట్టెతో గుంజొద్దు. తెల్లవారుజాము, మునిమాపు పక్షులు గూళ్లు వదిలే, చేరే వేళలు, అప్పుడు మానేస్తే ఇంకా మంచిది. మా బడిలో సెలవులకు ముందు రోజు పాత పేపర్లతో పతంగులు చేయిస్తాం. ఎవరిది వాళ్లే చేసుకున్నది కాబట్టి తెగినా చిరిగినా ఎక్కువ ప్రేమ.

పండుగకు పోయినోళ్లం ఇంకో వారం ఉండి వస్తే ఏమైతది?

పదో తరగతి అయితే వద్దు, ఆ వారంలోనే పునశ్చరణ మొదలవుతుంది. కింది తరగతులైతే రెండు మూడు రోజులకు ఆకాశం విరిగి మీద పడదు గానీ ముందే చెప్పండి. పిల్లవాడి జట్టులో అతని పని ఇంకొకరికి అప్పజెప్పాలి కదా.

నుమాయిష్‌కు బడి నుంచి తీసుకెళ్తరా?

తీసుకెళ్లం, జనం ఎక్కువ. ఇంటివాళ్లతో వెళ్లండి. 1938లో మొదలైన ప్రదర్శన అది, నాంపల్లిలో మామూలుగా జనవరి 1న తెరిచి ఫిబ్రవరి 15 దాకా ఉంచుతారు. దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో విద్యాసంస్థలు నడుపుతుందని పిల్లలకు చెప్పండి. ఆదివారం కాకుండా మామూలు రోజు వెళ్లండి, జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి.

## జనవరి చివర, ఫిబ్రవరి: పరీక్షల ముందు

స్పెషల్ క్లాసులు అయ్యేసరికి చీకటి పడుతుంది. ఆడపిల్ల ఒక్కతి ఎట్ల రావాలె?

ఒక్కతి రాకూడదు. మేం పదో తరగతి పిల్లల్ని గల్లీలవారీగా జట్లు చేసి, జట్టుకొక పేరు రాసుకుంటాం. జట్టు మొత్తం చేరాకే గేటు దాటాలి. ఆఖరి పిల్ల ఇల్లు చేరాక ఆ ఇంటివాళ్లు గ్రూపులో ఒక్క మాట పెడతారు. ఒక్కో గల్లీ నుంచి రోజుకొక తల్లో తండ్రో గేటు దగ్గరకు వస్తే ఇంకా ధైర్యం. దారిలో ఎవరైనా వెంటపడితే 100కు గాని 112కు గాని ఫోను చేయాలని అమ్మాయిలకు చెప్పండి, ఆడవాళ్ల రక్షణ కోసం ఉన్న పోలీసు బృందాలు, షీ టీమ్స్, సాయం వస్తుంది. ఇంట్లో చెబితే బడి మాన్పిస్తారని భయపడి దాచే పిల్లలు ఉన్నారు. చెప్పినా చదువు ఆగదని మీ నోటితో ముందే చెప్పాలి.

ప్రిఫైనల్‌లో లెక్కలు ఫెయిల్ అయిండు. ఇప్పుడు ఏం లాభం?

లాభం ఉంది, పబ్లిక్ పరీక్షకు ఇంకా వారాలున్నాయి. ప్రిఫైనల్ పేపరు తెప్పించుకుని పక్కన కూర్చోండి. మీకు లెక్కలు రాకపోయినా పర్వాలేదు. రాయకుండా వదిలేసినవి ఎన్ని, మొదలుపెట్టి ఆపినవి ఎన్ని, ఆ రెండూ విడగొట్టండి. ఆపినవి తొందరగా బాగవుతాయి.

ఫిబ్రవరిలో మేం జట్టు చదువు పెడతాం. వేపచెట్టు కింద నీరెండలో ఇద్దరేసి కూర్చుంటారు. ఒకసారి ఓజీవ్ వక్రం, అంటే ఒక్కో హద్దు దాకా ఎందరున్నారో కూడుకుంటూ పోయే గ్రాఫు, గీస్తున్న జంట పక్కన ఆగాను. వెనకబడిన పిల్లవాడు బిందువులను పట్టికలోని తరగతి అంతరం మధ్యలో పెట్టేస్తున్నాడు. ఫస్టు వచ్చే పిల్లవాడు 'ఎగువ హద్దు దగ్గర పెట్టాలిరా' అన్నాడు. 'ఎందుకు?' అని వీడు అడిగాడు. వాడు నోరు తెరిచి ఆగిపోయాడు. వాడికి పద్ధతి వచ్చు, కారణం ఎప్పుడూ ఆలోచించలేదు. ఇద్దరూ కలిసి పట్టిక మీద వేలు పెట్టి, 'ఆ హద్దు దాకా వచ్చినవాళ్లందరినీ లెక్కేశాం కాబట్టి' అని పట్టుకున్నారు. ఆ పూట ఎక్కువ నేర్చుకున్నది ఎవరో చెప్పడం కష్టం. అందుకే 'మావాడి టైం వేస్టు అవుతుంది, వెనకబడినవాళ్ల పక్కన కూర్చోబెట్టకండి' అనే తల్లిదండ్రులకు నేను మెత్తగానే అయినా కాదనే చెబుతాను.

పక్కింటి పిల్ల మార్కులు మాత్రం ఈ నెలంతా ఇంట్లో ఎత్తొద్దు.

రంజాన్ ఫిబ్రవరిలో వస్తుంది. రోజా ఉండే పిల్లలు చదువు ఎట్ల తట్టుకుంటరు?

ఈ మధ్య ఉపవాసాలు చలికాలం చివర్లో వస్తున్నాయి. పగలు పొట్టిగా, ఎండ తక్కువగా ఉండటం కొంత మేలు. తెల్లవారకముందు తినే సహరీ తర్వాత బుర్ర చురుగ్గా ఉంటుంది, కష్టమైన పాఠాలు అప్పుడే పెట్టుకోమంటాం. మధ్యాహ్నం ఒక కునుకు తీయనివ్వండి. రోజా ఉన్నవాళ్లకు ఆటల పీరియడ్‌లో పరుగు మినహాయిస్తాం, స్కోరు రాసే పని ఇస్తాం. కళ్లు తిరిగితే చెప్పడానికి మొహమాటపడొద్దని పిల్లలకు మీరూ చెప్పండి. సాయంత్రం క్లాసు ఇఫ్తార్‌కు ఇల్లు చేరేలా ముందే వదిలేస్తాం.

ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర ఇస్తరట. వేయించాల్నా?

వేయించండి. ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ల దాకా ఇస్తారు. అది ఆల్బెండజోల్, బడి పిల్లలకు 400 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి. పురుగులుంటే తిన్న తిండి ఒంటబట్టదు, రక్తం తగ్గుతుంది. ఆ రోజు జ్వరంగా ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ముందే చెప్పండి, తగ్గాక వేస్తారు. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కూడా చాలామంది కిటికీలోంచి పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది.

మార్కులు కాకుండా పిల్ల ఎదిగిందో లేదో మాకెట్ల తెలుస్తుంది?

ఇంట్లో కొన్ని చూడండి. బడి గురించి చెప్పేటప్పుడు 'నేను' మధ్యలో కొత్త పేర్లు వస్తున్నాయా? ఓడిపోయిన సంగతి తనంతట తాను చెబుతోందా? తెలియదని టీచరును అడిగానని చెప్పిందా? నవంబరులో మీరు సర్దిన సంచి ఫిబ్రవరిలో తనే సర్దుకుంటోందా? తమ్ముడికి లెక్క చెబుతూ ఎంతసేపటికి విసుక్కుంటోంది? ఒక్కోసారి ఎదుగుదల ఇంట్లో తలనొప్పిలా కనబడుతుంది. ఎదురు ప్రశ్నలు వేస్తుంది, మీ మాటకు కారణం అడుగుతుంది. తరగతిలో మేం ఆ అలవాటు కోసమే పాటుపడుతున్నాం, దయచేసి దాన్ని పొగరు అనొద్దు.

మీటింగుకు వస్తే ఆ రోజు కూలి పోతది. రాకపోతే ఏమనుకుంటరు?

ఏమీ అనుకోం. మా మీటింగు మూడో శనివారం ఉంటుంది. ఆ రోజు కుదరకపోతే పనికి వెళ్లే ముందు గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆగండి, మేం ప్రార్థన కంటే ముందే వస్తాం. నానమ్మ, మేనమామ, పెద్దక్క ఎవరొచ్చినా సరే. తెలుగు రాకపోతే హిందీలో, ఉర్దూలో మాట్లాడుకుందాం. ఎవరూ రాలేకపోతే రాత్రి ఎనిమిదింటి తర్వాత ఫోను చేయండి. పిల్ల పక్కనే ఉండగా మాట్లాడితే ఇంకా మంచిది, తన గురించి మేం ఏం చెబుతున్నామో తనూ వింటుంది.